చిగుళ్ళు, అరచేతులు, మేనరికం

పాలపళ్ళు ఊడడం మన ఇళ్ళలో ఒక చిన్న వేడుక. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరడం, బోసినోటితో నవ్వే మనుమడిని తాతలు ఆటపట్టించడం గోదావరి ప్రాంతంలో పెరిగిన వారందరికీ గుర్తుండే ముచ్చట్లే. ఆ వేడుక సాధారణంగా ఆరవ ఏటనో, ఏడవ ఏటనో మొదలవుతుంది. కింది వరుసలోని ముందు పళ్ళు మొదట కదులుతాయి. పాలపన్ను వేరు క్రమంగా కరిగిపోయి, అడుగు నుంచి శాశ్వత దంతం పైకి వస్తుంది గనుక నొప్పి గాని, వాపు గాని పెద్దగా ఉండవు.

అదే సంఘటన మూడవ ఏట, నాలుగవ ఏట జరిగితే? చిగుళ్ళు ఎర్రగా వాచి, ముట్టుకుంటే నెత్తురు కారుతూ, ఇంకా కరగని వేరుతో సహా పన్ను ఊడి చేతిలోకి వస్తే? దానిని పుచ్చుపన్నుగా భావించి ఊరుకోవడం తగదు. ఆ బిడ్డ అరచేతులను, అరికాళ్ళను కూడా ఒకసారి తిప్పి చూడాలి. అక్కడ చర్మం మందంగా, పసుపు ఛాయతో, పొలుసులు లేస్తూ పగుళ్ళు బారి ఉంటే, ఆ రెండు లక్షణాలూ కలిసి ఒక వ్యాధిని సూచిస్తున్నాయి. దాని పేరు పాపియాన్-లెఫెవ్ర్ వ్యాధి.

ఇది చాలా అరుదైన వ్యాధి. పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురి వరకు దీని బారిన పడతారని అంచనా. ఇంత అరుదైన జబ్బును గురించి సామాన్య పాఠకులకు చెప్పవలసిన అవసరమేమిటని కొందరికి అనిపించవచ్చు. దీనిని కనిపెట్టడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. తల్లి కన్ను, బడిపంతులు కన్ను చాలు. మన రోగనిరోధక వ్యవస్థ పనితీరును ఇంత స్పష్టంగా బోధించే వ్యాధులు మరికొన్ని మాత్రమే ఉన్నాయి. వీటిని మించి, ఇది మన తెలుగు ఇళ్ళలో తరతరాలుగా సాగుతున్న మేనరికపు పెళ్ళిళ్ళతో ముడిపడిన వ్యాధి. అందువలననే ఈ వ్యాసం.

వ్యాధి స్వరూపం

1924లో పాపియాన్, లెఫెవ్ర్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఒకే కుటుంబంలోని అన్నాచెల్లెళ్ళలో ఈ లక్షణాలను గమనించి వివరించారు. బిడ్డ పుట్టినపుడు మామూలుగానే ఉంటుంది. ఒకటి నుంచి నాలుగేళ్ళ వయస్సులో అరచేతులలో, అరికాళ్ళలో చర్మం ఎర్రబారి మందమెక్కడం మొదలవుతుంది. మోకాళ్ళ మీద, మోచేతుల మీద కూడా పొలుసులతో కూడిన మచ్చలు రావచ్చు. చలికాలంలో పగుళ్ళు ఎక్కువవుతాయి. చెమట ఎక్కువై దుర్వాసన రావడం కూడా ఉంటుంది.

ఇంచుమించు అదే కాలంలో పాలపళ్ళు వస్తాయి. అవి సకాలంలోనే, చక్కని రూపంతోనే వస్తాయి. వచ్చిన కొద్దికాలానికే చుట్టూ ఉన్న చిగుళ్ళు వాచి, పంటికి ఆధారమైన దవడ ఎముక వేగంగా క్షీణిస్తుంది. నాలుగైదు ఏళ్ళకే పాలపళ్ళన్నీ దాదాపుగా రాలిపోతాయి. రాలిన తరువాత చిగుళ్ళు ఆశ్చర్యకరంగా మానిపోయి గులాబి రంగులోకి వస్తాయి. కుటుంబమంతా గండం గడిచిందనుకుంటుంది. ఆరేడేళ్ళకు శాశ్వత దంతాలు పైకి రాగానే అదే కథ మళ్ళీ మొదలవుతుంది. చికిత్స లేకపోతే పద్నాలుగు, పదహారేళ్ళ వయస్సుకు నోటిలో దాదాపు ఒక్క పన్ను కూడా మిగలదు. పదిహేనేళ్ళ పిల్లవాడికి డెబ్బయ్యేళ్ళ ముసలివాడి నోరు వస్తుంది.

వీరిలో సుమారు నాలుగవ వంతు మందికి చర్మం మీద చీముగడ్డలు, ఇతర సూక్ష్మజీవుల వ్యాధులు పదేపదే వస్తాయి. కొందరిలో కాలేయంలో చీముగడ్డ ఏర్పడుతుంది. ఈ వ్యాధి ఉన్న బిడ్డకు వదలని జ్వరం, కుడి డొక్కలో నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలని చెప్పేది ఇందుకే.

నేను చూసిన కుటుంబం

వైద్యవృత్తి నుంచి విరమించుకోవడానికి కొన్నేళ్ళ ముందు రాజోలు వైపు లంకగ్రామం నుంచి ఒక కుటుంబం నా వద్దకు వచ్చింది. వారిని గుర్తుపట్టే అవకాశం లేకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. తండ్రి కొబ్బరికాయల వలుపు పని చేసేవాడు. పాతికేళ్ళుగా గునపం మీద కాయ గుచ్చి పీచు తీసిన ఆ అరచేతులు కాయలు కాచి రాయిలా ఉండేవి. పిల్లవాడికి ఎనిమిదేళ్ళు. నాయనమ్మ లేదు, అమ్మమ్మే పెద్దదిక్కు. ఆమె ముందుకు వచ్చి పిల్లవాడి చేతులు చూపించింది.

“తండ్రి చేతులే వచ్చాయండి బాబుగారూ. ఆ చేతులకి మందేం అడగట్లేదండి. పళ్ళు నిలవట్లేదు, దానికే వచ్చామండి.”

తండ్రి చేతులు పనిచేసి కాయలు కాచిన చేతులు. ఆ పని మాని నాలుగు నెలలు కూర్చుంటే అవి మెత్తబడతాయి. పిల్లవాడు ఇంకా పలుపుతాడయినా పట్టి ఎరుగడు. వాడి అరచేతులూ అరికాళ్ళూ అంచులదాకా మందంగా, పగిలి ఉన్నాయి. నోరు తెరిపిస్తే, కొత్తగా వచ్చిన ముందు పళ్ళు అప్పుడే ఊగుతున్నాయి. చిగుళ్ళ నుంచి చీము వస్తున్నది. పాలపళ్ళన్నీ నాలుగేళ్ళకే ఊడిపోయాయని తల్లి చెప్పింది.

అంతకు ముందు వారు పడిన పాట్లు చాలా ఉన్నాయి. ఊరిలో కొందరు కుష్ఠువ్యాధి అన్నారు. బడిలో ఎవరూ ఆ పిల్లవాడి పక్కన కూర్చునేవారు కాదు. కుష్ఠులో మచ్చలు స్పర్శ కోల్పోతాయి. ఈ పిల్లవాడికి గుండుసూది మొన తగిలినా చక్కగా తెలిసింది. పైగా ఇది అంటువ్యాధి కానే కాదు. మరికొందరు నాగదోషమన్నారు. ఆ తల్లి నాగులచవితి నాటి నుంచి నలభై రోజులు ఉపవాసాలు చేసింది. దైవభక్తి ఆమెకు ధైర్యమిచ్చి ఉంటే మంచిదే. కాని దోషమన్న మాట వెంట నింద కూడా వస్తుంది. ‘కడుపుతో ఉన్నప్పుడు నువ్వేం చేశావో’ అన్న ప్రశ్నను ఆమె ఎనిమిదేళ్ళుగా వింటూ ఉంది. నాతో మాట్లాడుతున్నంత సేపూ ఆమె తలవంచుకునే ఉంది.

ఆమె భర్త ఆమెకు స్వయానా మేనమామ. అంటే ఆ అమ్మమ్మ, తన తమ్ముడికే తన కూతురిని ఇచ్చి పెళ్ళి చేసింది. పిల్లవాడికి పై అక్క ఒకతె ఉంది. ఇంటర్మీడియట్ చదువుతున్నది, ఆరోగ్యవంతురాలు, పలువరస ముత్యాల్లా ఉంది. ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు నిండగానే తన చిన్న కొడుక్కు చేసుకోవాలని అమ్మమ్మ నిశ్చయించుకుంది. అంటే ఆ అమ్మాయి కూడా తన మేనమామనే చేసుకోవాలి. వారు పిల్లవాడి పళ్ళ కోసం వచ్చారు గాని, ఆ గదిలో నా ముందున్న అసలు ప్రశ్న ఈ పెళ్ళి.

తెల్లకణాలలో ఏమి జరుగుతుంది?

ఈ వ్యాధికి మూలం ఒక జన్యువులో ఉన్నదని 1999లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. 11వ క్రోమోసోముపై ఉండే ఆ జన్యువు పేరు సీటీఎస్‌సీ. అది కెథెప్సిన్ సి అనే ఎంజైమును తయారు చేయించే సూత్రం. ఈ ఎంజైము అరచేతులు, అరికాళ్ళు, మోకాళ్ళ చర్మంలోను, గట్టి చిగుళ్ళలోను, రోగనిరోధక కణాలలోను ఎక్కువగా ఉంటుంది. వ్యాధి లక్షణాలు ఆ చోట్లనే కనిపించడం గమనార్హం.

మన రక్తంలోని తెల్లకణాలలో సగానికి పైగా న్యూట్రోఫిల్‌లు అనే కణాలు. సూక్ష్మజీవులు చొరబడిన చోటికి మొదట చేరే సైనికులు ఇవే. వాటిలోని సూక్ష్మమైన గుళికలలో ఎలాస్టేజ్, కెథెప్సిన్ జి, ప్రోటీనేజ్ 3 అనే పదునైన ఎంజైములు ఉంటాయి. ఇంత పదునైన ఆయుధాలు తయారవుతూనే పనిచేయడం మొదలుపెడితే కణానికే ప్రమాదం. అందుచేత ప్రకృతి వాటిని ఒరలో పెట్టిన కత్తులలా తయారుచేస్తుంది. ప్రతి ఎంజైము మొదట్లోనూ రెండు అమైనో ఆమ్లాల చిన్న తునక ఒకటి అదనంగా ఉంటుంది. ఆ తునకను తొలగించేదాకా అది నిద్రాణంగా ఉంటుంది. దానిని తొలగించడమే కెథెప్సిన్ సి చేసే పని. సహజ హంతక కణాలలోని గ్రాంజైములను కూడా ఇదే మేల్కొలుపుతుంది.

జన్యువు చెడినపుడు ఆ ఒర తీసేవారు ఉండరు. మేల్కొనని ఎంజైములు నిలవ ఉండక క్షీణించిపోతాయి. సైనికుడు యుద్ధభూమికి చేరుకుంటాడు గాని చేతిలో కత్తి ఉండదు.

అలాంటప్పుడు ఈ పిల్లలు ప్రతి చిన్న సూక్ష్మజీవికీ బలి కావాలి గదా! కాని వారిలో అత్యధికులు మామూలు పిల్లలలాగే పెరిగి పెద్దవారవుతారు. రోగనిరోధక వ్యవస్థకు ఒకే ఆయుధం మీద ఆధారపడే అలవాటు లేదు. ఒకటి లోపించినా మరికొన్ని ఆదుకుంటాయి. ఆదుకోలేని చోటు ఒకటున్నది, అది చిగురు. శరీరాన్ని కప్పిన పొరను చీల్చుకొని గట్టి పదార్థం బయటికి పొడుచుకువచ్చే స్థలం దంతమూలం తప్ప మరొకటి లేదు. పంటికీ చిగురుకూ మధ్య ఉన్న సన్నని సందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. అక్కడ న్యూట్రోఫిల్‌లు రేయింబవళ్ళు కాపలా కాస్తూ ఉండాలి. ఎల్‌ఎల్-37 అనే సహజ సూక్ష్మజీవనాశకాన్ని విడుదల చేయడానికి ప్రోటీనేజ్ 3 అవసరం. అది లేకపోవడంతో దంతమూలాలను నాశనం చేసే కొన్ని బాక్టీరియాలు అక్కడ పాతుకుపోతాయి. శత్రువు చావకపోవడంతో కణాలు గుంపులు గుంపులుగా వస్తూనే ఉంటాయి; తాపం ఎడతెగక కొనసాగి ఎముకను కరిగిస్తుంది. పన్ను ఊడిపోగానే ఆ సందు మూసుకుపోతుంది. సూక్ష్మజీవులకు ఆశ్రయం పోతుంది. చిగుళ్ళు మానిపోవడంలోని రహస్యం ఇదే.

ఈ చిన్న వ్యాధి నేర్పిన పాఠం వృథా పోలేదు. బ్రాంకియెక్టాసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధిలో శ్వాసనాళాలు వెడల్పై కఫం నిలవ ఉంటుంది. అక్కడ న్యూట్రోఫిల్‌ల ఎంజైములు అతిగా విడుదలై నాళాల గోడలను ధ్వంసం చేస్తాయి. కెథెప్సిన్ సి పనిని కొంతమేరకు తగ్గిస్తే ఆ విధ్వంసం తగ్గదా అని పరిశోధకులు ఆలోచించారు. ఆ ఆలోచన నుంచి వచ్చిన బ్రెన్సోకాటిబ్ అనే మందుకు 2025 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం తెలిపింది. ఆ మందు వాడేవారిలో చర్మం మందమెక్కుతున్నదా, చిగుళ్ళు దెబ్బతింటున్నాయా అని వైద్యులు జాగ్రత్తగా గమనిస్తారు. కొద్దిమంది పిల్లలు పడిన బాధ ద్వారా తెలిసిన విషయం వేలాది ఊపిరితిత్తుల రోగులకు ఉపయోగపడుతున్నది.

కొచ్చి యూదులు నేర్పిన పాఠం

మన దక్షిణ భారతానికి ఈ వ్యాధితో మరొక సంబంధం కూడా ఉంది. కేరళలోని కొచ్చిలో శతాబ్దాలుగా నివసించిన యూదు సమాజం చాలా చిన్నది. పెళ్ళిళ్ళన్నీ తమలో తామే చేసుకునేవారు. వారిలో చాలామంది ఇజ్రాయెల్‌కు తరలివెళ్ళిన తరువాత, 1965లో హైమ్, మంక్ అనే వైద్యులు ఒక కొచ్చి యూదు కుటుంబంలో ఇటువంటి చర్మవ్యాధినీ, చిగుళ్ళ వ్యాధినీ గుర్తించారు. వారిలో అదనంగా వేళ్ళు సన్నగా పొడవుగా ఉండడం, చివరి ఎముకలు కరగడం, గోళ్ళు వంకర తిరగడం, అరికాళ్ళు చదునుగా ఉండడం కనిపించాయి. వేరే వ్యాధి అనుకున్న ఆ హైమ్-మంక్ వ్యాధి కూడా అదే సీటీఎస్‌సీ జన్యువులోని మార్పు వలననే కలుగుతున్నదని 2000లో తేలింది. ఎప్పుడో ఒక పూర్వీకుడిలో కలిగిన ఒక్క మార్పు, బయటి సంబంధాలు లేని చిన్న సమాజంలో తరతరాలు తిరిగి, చివరకు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చి ఒకే బిడ్డలో కలుసుకున్నది.

ఇటువంటిది కొచ్చి యూదులలో మాత్రమే జరిగే సంగతి కాదు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాకు చెందిన 260కి పైగా సమూహాలను పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం వలన ఏర్పడే జన్యుముద్రను చాలా బలంగా కలిగి ఉన్నాయని తేలింది. తెలుగు వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు ప్రభావం చాలాసేపటి వరకు వదలకపోవడం మన మత్తు వైద్యులకు చిరకాలంగా తెలిసిన విషయమే; అది కూడా ఇటువంటి పాత జన్యుమార్పు ఫలితమే. ఏ కులానికీ ఇది తక్కువతనం కాదు. ప్రతి సమాజానికీ, ప్రతి మనిషికీ ఏవో కొన్ని నిద్రాణమైన జన్యులోపాలు ఉండనే ఉంటాయి.

మేనరికపు లెక్క

ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి: ఒకటి తల్లి ఇచ్చినది, మరొకటి తండ్రి ఇచ్చినది. సీటీఎస్‌సీ ప్రతులలో ఒకటి చెడినా రెండవది పని నడిపిస్తుంది. అటువంటి వారికి ఏ లక్షణమూ ఉండదు, వారిని వాహకులంటాము. ఇద్దరు వాహకులు పెళ్ళాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. బిడ్డ వాహకుడయ్యే అవకాశం నాలుగింట రెండు. ఏ చెడ్డ ప్రతీ రాకపోయే అవకాశం నాలుగింట ఒకటి.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. వ్యాధి వచ్చిన బిడ్డకు చెడిన ప్రతులు రెండు అందాయి. అందులో ఒకటి తండ్రిదే. తల్లి ఒక్కతే ఈ జబ్బును ఇవ్వలేదు. గ్రహణం రోజున ఆమె కూరగాయలు తరగడం వలన గాని, ఆమె తిన్న వస్తువు వలన గాని, ఆమె చేసిన ఏ పని వలన గాని ఇది రాదు. నేను ఈ మాట చెప్పినప్పుడు ఆ తల్లి మొదటిసారిగా తలెత్తి భర్త వైపు చూసింది. అతడు, “నాది కూడా ఉందన్నమాటండి” అన్నాడు మెల్లగా. ఆ ఒక్క వాక్యం ఆమెకు నేను రాసిన మందులన్నిటికంటె ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం.

మేనమామకూ మేనకోడలికీ జన్యువులలో సగటున నాలుగవ వంతు ఉమ్మడిగా ఉంటాయి. మేనత్త, మేనమామ బిడ్డలకు ఎనిమిదవ వంతు. అందువలన పూర్వీకుడొకరి చెడ్డ ప్రతి దంపతులిద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఆంధ్రదేశంలో ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన తొలివారిలో పిఠాపురంలో పుట్టిన కృష్ణ ద్రోణంరాజు ఒకరు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడాయన. పి. మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాల మీద 1960వ దశకపు తొలి ఏళ్ళలోనే పరిశోధన పత్రాలు ప్రచురించారు. నేటికీ మన రాష్ట్రంలో దాదాపు నాలుగింట ఒక పెళ్ళి రక్తసంబంధీకుల మధ్యనే జరుగుతున్నది.

మేనరికాలను నిందించడానికి నేను ఈ మాట రాయడం లేదు. అటువంటి దంపతుల బిడ్డలలో అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారు. ఏ దంపతులకైనా పుట్టే బిడ్డకు ఏదో ఒక లోపం ఉండే అవకాశం నూటికి రెండు, మూడు ఉంటుంది. మేనత్త, మేనమామ బిడ్డల పెళ్ళిలో దానికి మరొక రెండు, మూడు కలుస్తాయి. అయితే ఇంట్లో అప్పటికే ఒక బిడ్డకు అంతర్గత జన్యువ్యాధి కనిపించినప్పుడు ఈ సగటు లెక్క పనికిరాదు. అప్పుడు ఆ ఇంటి లెక్కే వేరు.

అమ్మమ్మకు ఆ లెక్కను కాగితం మీద గీసి చూపించాను. పిల్లవాడి అక్క ఆరోగ్యవంతురాలు గనుక ఆమె వాహకురాలయ్యే అవకాశం మూడింట రెండు. పిల్లవాడి తల్లి తప్పకుండా వాహకురాలే. ఆమె తమ్ముడు వాహకుడయ్యే అవకాశం రెండింట ఒకటి. ఇద్దరూ వాహకులైతే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఈ మూడింటినీ హెచ్చవేస్తే పన్నెండింట ఒకటి. అదే అమ్మాయి బంధుత్వం లేని వరుని చేసుకుంటే? సామాన్య జనంలో మూడు వందల మందికి ఒక వాహకుడు ఉంటాడని అనుకున్నా ఆ అవకాశం పద్దెనిమిది వందలకు ఒకటి మాత్రమే.

అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “బయటివాళ్ళకిస్తే పిల్లని ఎలా చూస్తారోనని భయమండి. నా కళ్ళెదురుగా ఉంటుందని తమ్ముడికిచ్చానండి దీని తల్లిని” అన్నది. ఆమె మాటలో స్వార్థం లేదు. మేనరికం మన ఆడపిల్లలకు ఒక రక్షణ కూడా. అత్తవారింట మాట పడకుండా, ఆపదలో ఒంటరి కాకుండా ఉండాలని పెద్దలు చేసుకున్న ఏర్పాటు అది. ఆ భయానికి లెక్కలతో జవాబు చెప్పలేము. ఆడపిల్ల చదువుకొని తన కాళ్ళ మీద తాను నిలబడితేనే ఆ భయం తగ్గుతుంది.

పరీక్షతో ఇంకా కచ్చితంగా చెప్పవచ్చునని వివరించాను. ముందు పిల్లవాడి రక్తంలోని డీఎన్‌ఏ పరీక్షించి ఏ మార్పు ఉన్నదో గుర్తిస్తారు. ఆ మార్పు తెలిసిన తరువాత ఇంట్లో మిగిలిన వారిలో అది ఉన్నదా, లేదా అని చూడడం సులభం. పెళ్ళి చేసుకోమని గాని, మానుకోమని గాని నేను చెప్పలేదు. జన్యుసలహా ఇచ్చేవాడు అంకె చెప్పాలి, నిర్ణయం వారిది.

వారం తరువాత ఆ మేనమామ ఒంటరిగా వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళ యువకుడు, కాకినాడలో పనిచేసేవాడు. పరీక్ష ఎక్కడ చేస్తారో చెప్పబోయాను. “పరీక్ష అక్కర్లేదండి. అది నర్సింగు చదువుతానంటోంది. నన్ను మామయ్యా అని పిలుస్తూ పెరిగిన పిల్లండి. అమ్మకి నేనే చెబుతాను” అన్నాడు. పరీక్షలో అతడు వాహకుడు కాడని తేలి ఉంటే అమ్మమ్మ మళ్ళీ పట్టుబట్టేదేమో. ఆ దారి కూడా మూసివేయాలని అతడి ఉద్దేశమని నాకు అర్థమయింది. ఆ అమ్మాయి నర్సింగులో చేరిందని తరువాత తెలిసింది.

చికిత్స

చెడిన జన్యువును బాగుచేసే వైద్యం ఈ వ్యాధికి ఇంకా లేదు. అయినా చేయగలిగినది చాలా ఉంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత ఫలితం.

దంతవైద్యుడి వద్దకు కొద్ది నెలలకొకసారి తప్పనిసరిగా వెళ్ళి పళ్ళకు పట్టిన పాచిని శుభ్రం చేయించుకోవాలి. ఇంట్లో రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో తోముకోవాలి. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు ఉపకరిస్తుంది. అవసరమైనప్పుడు అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ వంటి యాంటీబయాటిక్‌లను వైద్యుడి సలహాతో మాత్రమే వాడాలి. నిలవని పళ్ళను సకాలంలో తీసివేయడం మంచిది. శాశ్వత దంతాలు రావడానికి కొన్ని నెలల ముందే వ్యాధిగ్రస్తమైన పాలపళ్ళన్నీ తీసి నోటిని శుభ్రంగా ఉంచితే, కొత్త పళ్ళు నిలిచే అవకాశం మెరుగవుతుంది. పళ్ళు పోయిన పిల్లలకు కట్టుడు పళ్ళు అమర్చవచ్చు. దవడ పెరుగుతున్నకొద్దీ వాటిని మార్చాలి. ఎదుగుదల పూర్తయ్యాక దవడ ఎముకలో పాతే ఇంప్లాంట్‌ల గురించి ఆలోచించవచ్చు.

చర్మానికి యూరియా, శాలిసిలిక్ ఆమ్లం కలిసిన లేపనాలు పొలుసులను మెత్తబరుస్తాయి. మన కొబ్బరినూనె తేమను నిలుపుతుంది గనుక పగుళ్ళకు ఉపశమనమిస్తుంది. వ్యాధిని మాత్రం కుదర్చలేదు. తీవ్రమైన వారికి ఎసిట్రెటిన్ వంటి రెటినాయిడ్ మందులు చర్మానికి ఎంతో మేలు చేస్తాయి. శాశ్వత దంతాలు వచ్చే సమయంలో వాడితే పళ్ళకు కూడా ఉపకరించవచ్చు. కాని ఇవి కాలేయాన్ని, రక్తంలో కొవ్వులను ప్రభావితం చేస్తాయి కాబట్టి రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి. గర్భంలోని శిశువుకు ఇవి తీవ్రమైన హాని చేస్తాయి. ఎసిట్రెటిన్ ఆపిన తరువాత కూడా మూడు సంవత్సరాల వరకు గర్భం ధరించకూడదు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ విషయం మరువకూడదు.

నేను చూసిన పిల్లవాడికి శాశ్వత దంతాలలో కొన్నిటిని మాత్రమే కాపాడగలిగారు. కట్టుడు పళ్ళు అమర్చే వరకు చాలాకాలం వాడు చేగోడీలు, జంతికలు తినలేక, ఆత్రేయపురం పూతరేకులంటే ప్రాణం పెట్టేవాడు. నోట్లో పెట్టగానే కరిగిపోతాయి గదా! తీపి తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించాలని చెప్పవలసి వచ్చేది. చేతులు మెత్తబడ్డాయి. నేను రాసి ఇచ్చిన ఉత్తరం చదివిన తరువాత బడిలో పంతులుగారు వాడిని తన ఎదుటి బల్ల మీద, స్నేహితుల మధ్య కూర్చోబెట్టారు.

పాఠకులకు కొన్ని మాటలు

అయిదేళ్ళు నిండకుండా పాలపళ్ళు కదిలినా, దెబ్బ తగలకుండానే ఊడినా పిల్లవాడిని వైద్యుడికి చూపించండి. అన్నీ ఈ వ్యాధే కానక్కరలేదు. ఎముకలు గట్టిపడని హైపోఫాస్ఫటేషియా, తెల్లకణాలు తగ్గే న్యూట్రోపీనియా, మరికొన్ని రక్తవ్యాధులు కూడా ఈ విధంగానే బయటపడతాయి. వీటిలో ఏదీ ఉపేక్షించదగినది కాదు. ఊడిన పన్నును పారవేయకుండా వెంట తీసుకువెళ్ళండి. వేరు కరిగిందా, నిండుగా ఉన్నదా అన్నది వైద్యుడికి విలువైన సమాచారం.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేస్తారు. ఆ బృందం వచ్చినప్పుడు పిల్లవాడి నోటిని, అరచేతులను చూపించడానికి మొగమాటపడకండి. జన్యుపరీక్షలకూ, సలహాకూ హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి వైద్య జన్యుశాస్త్ర విభాగం, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాలలో అవి కూడా చేరి ఉన్నాయి.

ఇంట్లో ఒక బిడ్డకు ఇటువంటి జన్యువ్యాధి ఉన్నదని తెలిస్తే, మరొక మేనరికం నిశ్చయించే ముందు ఒక్కసారి జన్యుసలహా తీసుకోండి. జాతకాలు చూపించుకునే ఓపిక మనకున్నది; దానితో పాటు వంశవృక్షాన్ని కూడా ఒక కాగితం మీద గీసుకుంటే నష్టమేమీ లేదు. పెళ్ళికూతురు కాబోయే అమ్మాయి అభిప్రాయం అడగడం మాత్రం అన్నిటికంటె ముందు జరగాలి.

నా తోటి వైద్యులకు చిన్న మనవి. అరచేతుల పగుళ్ళతో వచ్చిన పిల్లవాడిని చర్మవైద్యుడు నోరు తెరిపించి చూడాలి. ఊగే పళ్ళతో వచ్చిన పిల్లవాడి అరచేతులను దంతవైద్యుడు తిప్పి చూడాలి. అందుకు పట్టే సమయం అర నిమిషం. ఆ అర నిమిషం వలన ఒక బిడ్డకు కొన్ని పళ్ళు మిగులుతాయి. ఒక తల్లికి నింద తప్పుతుంది.